కాపీ తీయడం వేరు, కాపీ కొట్టడం వేరు: ఒక చిన్న మాట వెనకున్న పెద్ద కథ

ఈ రోజు కథ మా తిరువూరులో ఒక జిరాక్స్ షాపు దగ్గర మొదలవుతుంది. చిన్న షాపే. ఒక మెషీను, ఒక కంప్యూటరు, బయట పాన్ కార్డు, ఆధార్ అని రాసిన ఫ్లెక్సీ. ఇలాంటి షాపు మీ ఊళ్ళో కూడా కనీసం నాలుగైనా ఉంటాయి.

నేను నా పని మీద వెళ్ళి నిలబడ్డాను. నా ముందు ఒక పెద్దాయన ఉన్నాడు. ప్లాస్టిక్ కవర్లోంచి పాత స్టాంపు కాగితాలు జాగ్రత్తగా తీశాడు. మడతల దగ్గర చిరిగిపోయి ఉన్నాయి. "అబ్బాయ్, మూడు కాపీలు తియ్యి. సర్వే నంబరు సరిగ్గా పడేట్టు చూడు" అన్నాడు. షాపతను "అట్టాగే బాబాయ్" అని, కాగితాన్ని పసిపిల్లని పడుకోబెట్టినట్టు గాజు మీద పెట్టాడు.

ఇంతలో వెనకనుంచి ఒక కుర్రాడు. ఇంటర్ చదువుతున్నట్టున్నాడు. చేతిలో నోట్సు. గొంతు తగ్గించి, "అన్నా, మైక్రో చేస్తావా?" అన్నాడు. మైక్రో అంటే తెలుసుగా? పేజీ మొత్తాన్ని అరచేతిలో పట్టేంత చిన్న అక్షరాల్లోకి కుదించి తీసే జిరాక్స్. షాపతను తల కూడా ఎత్తలేదు. "చెయ్యనురా. వెళ్ళి చదువుకో" అన్నాడు.

ఇంటికి వచ్చాక కూడా నాకు అదే గుర్తొచ్చింది. ఇద్దరూ వచ్చింది ఒకే మెషీను దగ్గరికి. ఇద్దరూ అడిగింది కాపీయే. ఒకాయన తన పొలం కాపాడుకోడానికి అడిగాడు, ఇంకొకడు పరీక్షలో మోసం చెయ్యడానికి అడిగాడు. ఒకే మాటలో ఈ రెండూ ఎలా ఇమిడాయి? అసలీ కాపీ అన్న మాట ఎక్కడిది? ఈ రోజు అదే మాట్లాడుకుందాం.

ముందు మన తెలుగు సంగతి చూడండి. కాపీ ఇంగ్లీషు మాటే గానీ, దాని పక్కన మనం పెట్టే క్రియలు మాత్రం అచ్చంగా మనవి. జిరాక్స్ షాపులో కాపీ "తీస్తాం". ఫోన్‌లో ఫైలు కాపీ "చేస్తాం". పరీక్షలో కాపీ "కొడతాం". "సార్, రేషన్ కార్డు కాపీ కొట్టి తెచ్చాను" అని ఎవరూ అనరు. "వాడు పరీక్షలో కాపీ తీశాడు" అని కూడా అనరు. తీయడం నిజాయితీ పని, కొట్టడం దొంగ పని. కొట్టేయడం అంటే దొంగిలించడం అనే అర్థం మనకి ఉండనే ఉంది కదా, ఆ వాసన దీనికీ అంటింది. ఇంగ్లీషువాళ్ళు ఒకే మాటతో సరిపెట్టుకున్న చోట, మనవాళ్ళు క్రియ మార్చి తీర్పు చెప్పేశారు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు మాట పుట్టుక. ఇంగ్లీషులోకి కాపీ 14వ శతాబ్దంలో ఫ్రెంచి భాష మీదుగా వచ్చింది. ఫ్రెంచిలోకి లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో ఆ మాట "కోపియా". కోపియాకి అర్థం ఏంటో తెలుసా? నకలు కాదు, అనుకరణ కాదు. సమృద్ధి! కొరత లేకుండా ఉండటం, గాదె నిండా ధాన్యం ఉన్నట్టు ఉండటం. అందులో "కో" అనేది ఉపసర్గ, వెనక ఉన్న మాట "ఓప్స్", అంటే సంపద, కలిమి. రోమన్లకి ఓప్స్ అనే దేవత కూడా ఉండేది. పంటల దేవత. మన ధాన్యలక్ష్మి లాంటిదనుకోండి.

పళ్ళూ పూలూ పొంగి పొర్లుతున్న కొమ్ము బొమ్మ ఎక్కడైనా చూసే ఉంటారు. దాన్ని ఇంగ్లీషులో కార్నుకోపియా అంటారు. కార్ను అంటే కొమ్ము, కోపియా అంటే సమృద్ధి. కాపీలో ఉన్న కోపియా, ఆ కొమ్ములో ఉన్న కోపియా ఒకటే. బోలెడంత అని చెప్పడానికి ఇంగ్లీషులో కోపియస్ అంటారే, అదీ ఈ కుటుంబానిదే.

మరి సమృద్ధి కాస్తా నకలు ఎలా అయింది? మధ్యయుగాల యూరప్‌లో పుస్తకమంటే చేత్తో రాసిందే. ఒక మఠంలోనో, కోర్టులోనో ఒక గ్రంథం ఉంటే, దాన్ని చూసి రాసుకోడానికి అనుమతి కావాలి. లాటిన్‌లో కోపియాకి "వీలు, అవకాశం, అనుమతి" అనే అర్థాలు కూడా ఉండేవి. కలిగినవాడికే కదా వీలుండేది! అలా "రాసుకునే వీలు ఇవ్వడం" అనే మాటలో కోపియా చేరింది. రాసుకునే వీలు కాస్తా, రాసుకున్న కాగితానికే పేరైపోయింది. పైగా ఒక్కటి ఉన్నది రెండయింది, రెండు పదయ్యాయి. అది కూడా సమృద్ధే.

అంటే ఏంటి? పుట్టుకలో ఈ మాటకి దొంగతనంతో సంబంధమే లేదు. పుట్టుకలో ఉన్నవి రెండే: అనుమతి, సమృద్ధి.

ఇప్పుడు షాపులో పెద్దాయన దగ్గరికి వెళ్దాం. ఆయన చేతిలో ఉన్నది పొలం కాగితం. ఇంగ్లండులో కూడా సరిగ్గా ఇలాంటి కథే ఉంది. అక్కడ పాతకాలంలో చిన్న రైతులు జమీందారు కింద భూమి సాగుచేసుకునేవాళ్ళు. ఎవరి భూమి ఎవరిదన్నది జమీందారు కోర్టు రికార్డులో రాసి ఉండేది. రైతుకి ఆ రికార్డులో తన పేరున్న భాగాన్ని రాసిచ్చేవాళ్ళు. రైతు దగ్గర ఉన్న ఆధారం ఆ కాపీ ఒక్కటే. అందుకే ఆ రకం భూహక్కుకి పేరే "కాపీహోల్డ్" అయింది. కాపీ పట్టుకున్నవాడిదే భూమి! ఈ పద్ధతి కొన్ని వందల ఏళ్ళు నడిచి, 1922లో చేసిన చట్టంతో 1926 నుంచి రద్దయింది.

మన దగ్గర అది వేరే రూపంలో ఇప్పటికీ బతికే ఉంది. మీ నాన్నగారు స్థలం కొన్నారనుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ అంటే ఏంటి? సంతకాలు, వేలిముద్రలు మాత్రమే కాదు. ఆ దస్తావేజుని యథాతథంగా ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కించడం. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ అనే కంప్యూటర్ ప్రాజెక్టు వచ్చేదాకా, ఇది చేత్తోనే జరిగేది. గుమాస్తా కూచుని ప్రతి దస్తావేజునీ అక్షరం అక్షరం లావుపాటి రిజిస్టర్లోకి రాసేవాడు. ఇంట్లో ఉన్న అసలు కాగితం చెదపట్టినా, వానకి తడిసినా, ఆ పుస్తకంలోది ఉంటుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం దానికి ధ్రువీకరించిన కాపీ తీసుకోవచ్చు. కాగితంలో ఏం రాసి ఉందో రుజువు చెయ్యడానికి అది పనికొస్తుంది.

మన పెద్దవాళ్ళు దాన్నే "నకలు" అంటారు. "ఒరిజినల్ పోతే పోయింది, నకలు తెచ్చుకో" అంటారు. నకలు కూడా మన మాట కాదు, అరబ్బీ నుంచి పారసీ, ఉర్దూల మీదుగా వచ్చింది. అరబ్బీలో "నక్ల్" అంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్ళడం. సామాను చేరవేయడం లాంటిది. ఈ కాగితంలో ఉన్న సంగతిని ఆ కాగితంలోకి మోసుకెళ్తున్నాం, అంతే. చాలా గౌరవమైన పని. కానీ తమాషా చూడండి. అదే నకలు నుంచి ఇంకో మాట వచ్చింది. "నకిలీ". నకిలీ విత్తనాలు, నకిలీ నోట్లు, నకిలీ డాక్టరు! నకలు పొలాన్ని కాపాడుతుంది, నకిలీ విత్తనం పొలాన్ని ముంచుతుంది. రెండూ ఒకే వేరు నుంచి పుట్టినవే. కాపీ తీయడం, కాపీ కొట్టడం లాగే ఇక్కడ కూడా మంచీ చెడూ పక్కపక్కనే ఉన్నాయి.

తేడా ఎక్కడుంది? నకలు "నేను నకలునే, అసలు వేరే ఉంది" అని ఒప్పుకుంటుంది. పైన ముద్ర వేసి మరీ చెబుతుంది. నకిలీ మాత్రం "నేనే అసలు" అంటుంది. అంతే తేడా. ఈ రోజు ఎపిసోడ్ మొత్తంలో ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి.

మధ్యలో ఒక సరదా మాట. వాడు మక్కికి మక్కి దించేశాడు అంటాం కదా. మక్కి అంటే ఏంటి? హిందుస్తానీలో మక్ఖీ అంటే ఈగ. ఒక గుమాస్తా నకలు రాస్తున్నాడట. అసలు కాగితం మీద ఒక ఈగ చచ్చి అతుక్కుని ఉంది. ఈయన ఒక ఈగని పట్టి, చంపి, నకలు మీద సరిగ్గా అదే చోట అతికించాడట. ఈగకి ఈగ. మక్కికి మక్కి! బుర్ర వాడకుండా దించే ప్రతివాడి మీదా ఈ జోకు ఇప్పటికీ నడుస్తోంది. గైడ్‌లోని ప్రింటు తప్పుతో సహా జవాబు రాసేవాళ్ళు మన క్లాసులో ఉంటారుగా, ఆ ఈగ వాళ్ళదే.

సరే, ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. అచ్చు యంత్రం లేని రోజుల్లోకి. పుస్తకానికి తెలుగులో కాపీ అనడానికి మంచి మాట ఉంది, "ప్రతి". ప్రతిబింబం, ప్రతిధ్వని, ప్రతిమ, వీటన్నిట్లో ఉన్న ప్రతే ఇది. తాటాకు మీద గంటంతో అక్షరాలు గీసి, గీతల్లోకి మసి రుద్దితే ఒక ప్రతి తయారవుతుంది. కానీ మన ఎండలకి, వానలకి, పురుగులకి తాటాకు ఎన్నాళ్ళు నిలుస్తుంది? రెండు మూడొందల ఏళ్ళు నిలిస్తే గొప్ప. నన్నయ 11వ శతాబ్దం వాడు. ఆయన స్వయంగా రాసిన ఒక్క ఆకు కూడా ఈ రోజు మన దగ్గర లేదు. మరి మహాభారతం మనదాకా ఎలా వచ్చింది? పాత ఆకు పాడయ్యేలోపు ఎవరో ఒకరు కొత్త ఆకు మీదికి ఎక్కించారు. అదీ పాడయ్యేలోపు ఇంకొకరు. వాళ్ళలో చాలామంది పేర్లు కూడా మనకి తెలియవు. మనం చదువుతున్న నన్నయ, తిక్కన, పోతన అందరూ కాపీలే ఫ్రెండ్స్. ఒరిజినల్ ఒక్కటీ లేదు.

రాసేటప్పుడు తప్పులు పడేవి. ఒక అక్షరం ఇంకో అక్షరంలా కనబడేది, ఒక వరుస ఎగిరిపోయేది. అందుకే లేఖకులు చివర్లో ఒక మనవి రాసుకునేవాళ్ళు. "నేను చూసిన పుస్తకంలో ఎలా ఉందో అలాగే రాశాను, తప్పులుంటే నన్ను తిట్టకండి" అనే అర్థం వచ్చేలా. చూశారా? వాళ్ళు కూడా ఒప్పుకున్నారు, ఇది నాది కాదు, నేను చూసి రాశాను అని.

ఇక్కడ ఇద్దరు బ్రిటిష్ దొరల కథ చెప్పాలి, వాళ్ళకంటే ముఖ్యంగా మనవాళ్ళ కథ. కాలిన్ మెకంజీ అని ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి. 1821లో చనిపోయాడు. దక్షిణాదిలో ఊరూరా చరిత్రలు, శాసనాలు సేకరింపజేశాడు. ఆ గ్రామ చరిత్రల్నే కైఫియత్తులు అంటాం. ఆయన ఒక్కడే తిరిగి రాసుకున్నాడా? లేదు. ఆయనకి వెన్నెముకగా నిలిచింది మన ఏలూరు నుంచి వెళ్ళిన కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. కరణాల దగ్గరున్న కవిలెలు చూసి రాయించుకోవడం, శాసనాలకి నకళ్ళు తీయడం, ఇవన్నీ వాళ్ళూ వాళ్ళ మనుషులూ చేసిన పనులు. తర్వాత ఆ కాగితాలు కూడా శిథిలమవడం మొదలుపెట్టాయి. అప్పుడు వాటికి మళ్ళీ నకళ్ళు రాయించినవాడు సి.పి. బ్రౌన్.

బ్రౌన్ గురించి స్కూల్లో చదివే ఉంటారు, నిఘంటువు రాసినాయన అని. 1798లో పుట్టి 1884లో పోయాడు. మచిలీపట్నంలో ఉద్యోగం చేశాడు, కడపలో చేశాడు. కడపలో సొంత బంగళాలో, సొంత డబ్బుతో పండితుల్ని, లేఖకుల్ని పెట్టుకున్నాడు. ఒకే కావ్యానికి వేర్వేరు ఊళ్ళ నుంచి ప్రతులు తెప్పించేవాడు. జూలూరి అప్పయ్య లాంటి పండితులు వాటిని పక్కపక్కన పెట్టి సరిచూసేవాళ్ళు. ఏ ప్రతిలో ఏముందో చూసి, తప్పులు దిద్ది, శుభ్రంగా ఒక కొత్త ప్రతి రాసేవాళ్ళు. దాన్నే మేలుప్రతి అంటాం, మీ భాషలో ఫెయిర్ కాపీ. మక్కికి మక్కి కాదు, బుర్ర పెట్టి చేసిన కాపీ. అలాంటి రాతప్రతులు ఇప్పటికీ చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. ఆ లేఖకులు లేకపోతే మన సాహిత్యంలో ఎంత పోయేదో ఆలోచించండి. సమృద్ధి అనే పాత అర్థం ఇక్కడ అక్షరాలా నిజమైంది.

మరి కాపీ తప్పెప్పుడైంది? అచ్చు యంత్రం వచ్చాక. చేత్తో రాస్తే ఒక కాపీకి నెలలు పడుతుంది, దాన్ని దొంగిలించి బాగుపడేదేం లేదు. అచ్చులో వెయ్యి కాపీలు వేస్తే డబ్బు. లండన్‌లో ముద్రాపకుల సంఘం ఒకటుండేది, స్టేషనర్స్ కంపెనీ. 1557లో దానికి రాజముద్రతో అధికారం వచ్చింది. ఏ పుస్తకాన్ని ఎవరు అచ్చేసుకోవాలో వాళ్ళు రిజిస్టర్లో రాసుకునేవాళ్ళు. 1710లో రాణి ఆన్ కాలంలో చట్టం వచ్చి, మొదటిసారి ఆ హక్కు రచయితకి కూడా ఉందని చెప్పింది. కొత్త పుస్తకానికి 14 ఏళ్ళు, రచయిత బతికుంటే ఇంకో 14 ఏళ్ళు. అదే ఈనాటి కాపీరైట్‌కి మొదలు. మన దేశంలో ఇప్పుడున్నది 1957 చట్టం. రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. ఆ తర్వాత పుస్తకం అందరిదీ.

అంటే కాపీరైట్ అనేది ఒక గడువున్న కంచె. గడువయ్యాక మళ్ళీ సమృద్ధే.

కానీ ఒక విషయం. కాపీరైట్ వేరు, రచనాచౌర్యం వేరు. ఇంగ్లీషులో ప్లేజియరిజం అంటారు. దాని వేరు ఇంకా భయంకరంగా ఉంటుంది. లాటిన్‌లో "ప్లాజియారియుస్" అంటే మనుషుల్ని ఎత్తుకుపోయేవాడు. 1వ శతాబ్దంలో మార్షియల్ అనే రోమన్ కవి, తన పద్యాల్ని ఇంకొకడు తనవని చదువుతుంటే వాణ్ణి ఈ మాటతో తిట్టాడు. నా బిడ్డల్ని ఎత్తుకెళ్ళి నీ బిడ్డలంటావా అన్నట్టు. గమనించండి, అతని బాధ పద్యం చదివినందుకు కాదు. పేరు మార్చినందుకు.

మనవాళ్ళు దీన్ని నవ్వుతూ చెప్పారు. 15వ శతాబ్దపు శ్రీనాథుడు సంస్కృత నైషధాన్ని శృంగార నైషధంగా తెలుగు చేశాడు. సంస్కృత సమాసాలు అలాగే ఉంచి చివర డు, ము, వు, లు తగిలించాడని పండితులు వెక్కిరించారట. మీ డుమువులు మీరు తీసేసుకుని మా నైషధం మాకిచ్చెయ్యండి అన్నారని చాలాకాలంగా చెప్పుకునే కథ. నిజంగా జరిగిందో లేదో వదిలెయ్యండి. శ్రీనాథుడు మాత్రం మూలకవి శ్రీహర్షుడి పేరు దాచలేదు. అందుకే అది దొంగతనం కాదు, అనువాదం.

ఎర్రన ఇంకో మెట్టు పైన ఉన్నాడు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలేసి పోతే, దాదాపు మూడొందల ఏళ్ళ తర్వాత ఎర్రన దాన్ని పూర్తి చేశాడు. తన కాలపు రాజుకి అంకితం ఇవ్వకుండా, నన్నయ చేత రాయించిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. ఇంకొకడి సొత్తు తనదనేవాడు దొంగ. తన సొత్తు ఇంకొకరి పేరున పెట్టేవాణ్ణి ఏమనాలి? మనకి దానికి మాటే లేదు.

ఇక మెషీను కథ. అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ అని ఒకాయన ఒక కంపెనీ పేటెంటు విభాగంలో పనిచేసేవాడు. రోజంతా కాగితాలకి కాపీలు కావాలి, చేత్తో రాయలేక విసిగిపోయాడు. 1938 అక్టోబరు 22న న్యూయార్క్ ఆస్టోరియాలో ఒక అద్దె గదిలో, గంధకం పూసిన జింకు పలక మీద పొడి చల్లి, తడి ఇంకు లేకుండా మొదటి కాపీ తీశాడు. ఆ రోజు తేదీనీ, ఆస్టోరియా అన్న పేరునీ రాసి దాన్నే కాపీ తీశాడు. ఎన్నో కంపెనీలు మాకొద్దు పొమ్మన్నాయి. చివరికి హాలాయిడ్ అనే చిన్న కంపెనీ తీసుకుంది. తడి లేదు కాబట్టి గ్రీకులో "పొడి" అని అర్థమొచ్చే "క్సేరోస్" నుంచి జిరోగ్రఫీ అని పేరు పెట్టారు. దాన్నుంచే జిరాక్స్. 1959లో మొదటి ఆఫీసు మెషీను బయటికొచ్చింది. కంపెనీ పేరు మనకి మామూలు మాటైపోయింది. ఏ కంపెనీ మెషీనైనా మనకి అది జిరాక్సే.

ఇంకో విశేషం. మీ ఫోన్‌లో వేలితో నొక్కి పట్టుకుంటే కాపీ, పేస్ట్ అని వస్తుంది కదా. 1970లలో దాన్ని కంప్యూటర్లలో రూపుదిద్దినవాళ్ళలో ముఖ్యుడు ల్యారీ టెస్లర్. ఆయన పనిచేసింది ఎక్కడో తెలుసా? జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలోనే. ఆయన 2020లో పోయాడు. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లో కాపీ, పేస్ట్ లేదంటే నమ్ముతారా? అది 2009లో వచ్చింది.

జిరాక్స్ షాపు కోర్టుకి కూడా ఎక్కింది. ఢిల్లీ యూనివర్సిటీలో రామేశ్వరి అనే చిన్న జిరాక్స్ షాపు. విద్యార్థులకి కావాల్సిన పాఠాలు వేర్వేరు పుస్తకాల నుంచి కాపీ తీసి, కుట్టి ఇచ్చేది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి పెద్ద పబ్లిషర్లు షాపు మీదా, యూనివర్సిటీ మీదా కేసు వేశారు. 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పీలు విన్న బెంచి విచారణకి మళ్ళీ తలుపు తెరిచినా, పాఠం చెప్పడానికి అవసరమైనంత వరకు కాపీ తీయడాన్ని చట్టం ఒప్పుకుంటుందన్న సూత్రాన్ని నిలబెట్టింది. 2017 మార్చిలో పబ్లిషర్లే కేసు వెనక్కి తీసుకున్నారు. లక్షలు పెట్టి పుస్తకాలు కొనలేని పిల్లలకి అది మామూలు గెలుపు కాదు.

ఇప్పుడు మన మైక్రో కుర్రాడి దగ్గరికి వద్దాం. "పాఠం జిరాక్స్ తీయడం తప్పు కానప్పుడు, నేను తీస్తే తప్పేంటి?" అని వాడు అడగొచ్చు. మంచి ప్రశ్నే. తీయడం తప్పు కాదు తమ్ముడూ. దాన్ని జేబులో పెట్టుకెళ్ళి, జవాబు పత్రం మీద నీ హాల్ టికెట్ నంబరు వేసి, ఇది నా బుర్రలోంచి వచ్చింది అనడం తప్పు. అక్కడ నకలు నకిలీ అయిపోతుంది. మన రాష్ట్రంలో 1997లో పరీక్షల్లో అక్రమాల మీద ప్రత్యేకంగా చట్టమే చేశారు, దానికి జైలు దాకా శిక్షలున్నాయి. కానీ చట్టం సంగతి పక్కన పెట్టు. నీ పక్క బెంచీలో ఒకమ్మాయి తెల్లవారుజామున లేచి చదివి వచ్చింది. నీ మార్కులు ఆ అమ్మాయి సీటు తినేస్తాయి. పోయేది అదీ.

ఇంతా చెప్పి నా సంగతి దాస్తే నేనూ నకిలీనే. మొదట్లో నేను ఈ వీడియోలు చేసేటప్పుడు, ఒక పాత పత్రికలో వచ్చిన వ్యాసాన్ని దాదాపు ఉన్నదున్నట్టు చదివేశాను. రాసినాయన పేరు చెప్పలేదు. "ఎంత బాగా చెప్పావన్నా" అని మెసేజ్‌లు వచ్చాయి. ఆ మెచ్చుకోళ్ళు నావి కావని నాకు తెలుసు. ఆ వీడియో తీసేశాను. తీసేసినంత మాత్రాన సరిపోదని కూడా తెలుసు. ఆ రోజు ఒక్క వాక్యం, "ఇది ఫలానాయన రాసింది" అని చెప్పి ఉంటే, అదే వీడియో ఆయన్ని వందల మందికి పరిచయం చేసేది. నేను లేఖకుణ్ణి అయ్యేవాణ్ణి. చెప్పకపోవడం వల్ల దొంగనయ్యాను. మధ్యలో తేడా ఒక్క వాక్యమే.

కాబట్టి ఫ్రెండ్స్, కాపీ అన్న మాటకి భయపడకండి. అది సమృద్ధి నుంచి పుట్టిన మాట. నచ్చిన పాట, నచ్చిన పద్యం, మీ తాతగారి ఉత్తరం, మీ ఊరి పాత ఫొటో, అన్నిటికీ కాపీలు తీయండి. తాటాకులాగే ఫోన్ కూడా పాడవుతుంది, ఇంకోచోట ఒక ప్రతి ఉంచండి. మీ ఇంట్లో దస్తావేజులుంటే ఈ ఆదివారమే స్కాన్ చేసి పెట్టండి, మీ నాన్నగారు సంతోషిస్తారు. కానీ ఎక్కడనుంచి తీసుకున్నారో ఆ పేరు మాత్రం చెరపకండి. పేరు ఉంచితే కాపీ తీసినట్టు. చెరిపితే కొట్టినట్టు.

అన్నట్టు, ఆ రోజు షాపులో పెద్దాయన మూడు కాపీలూ తీసుకుని, అసలు కాగితాన్ని మళ్ళీ ఆ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని చొక్కా లోపల దాచుకున్నాడు. నకళ్ళు మాత్రం చేతిలోనే పట్టుకుని బస్సెక్కాడు. ఏది దాచుకోవాలో, ఏది పంచాలో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మళ్ళీ ఇంకో మాట, ఇంకో కథతో కలుద్దాం. ఈ ఎపిసోడ్ ఎవరికైనా పంపాలనిపిస్తే నిరభ్యంతరంగా కాపీ చేసి పంపండి. ఎక్కడ చూశారో ఒక్క మాట చెప్పండి, చాలు. ఉంటాను మరి.